సుగాత్రీదేవి హస్తస్థితి

పూర్వం, దేవేంద్రుడు పర్వతాల రెక్కలు ఖండించి వాటిని ఎక్కడివక్కడ కుదుర్చగా, భూమి మొదటిసారి నిలకడ అంటే ఏమిటో ఎరిగిన యుగంలో, సురసవాహినీ నదికి ఇరుగడలా పద్దెనిమిది మండలాలుగా విస్తరించి, వరిచేలతోను చెరకుతోటలతోను కన్నులపండువుగా ఉండే హరితాంగ దేశాన్ని, సత్యసంధుడు, శరణాగతవత్సలుడు అయిన జయకేతన మహారాజు సుస్థల నగరం రాజధానిగా పరిపాలిస్తూ ఉండేవాడు. ఆ మహారాజు పట్టమహిషి సుగాత్రీదేవి. ఆ సాధ్వి మృదుభాషిణి, అతిథిపూజాపరాయణ, దానధర్మాలలో చేయి వెనుదీయనిది. కాని స్వభావం చేత మిక్కిలి భయస్థురాలు. మేడ మీదికి వెళ్ళినా పిట్టగోడ దరిదాపులకు పోయేది కాదు. ఉత్సవాలలో ఏనుగు అంబారీ ఎక్కవలసి వస్తే కళ్ళు మూసుకొని, భర్త చేయి గట్టిగా పట్టుకొని, ఊరేగింపు ముగిసేదాకా పెదవి కదపక కూర్చునేది. ఈ సంగతి అంతఃపురంలో అందరూ ఎరిగినదే. రాజు ఆమెను దీనికై ఏనాడూ పరిహసించలేదు.

ఆ రోజులలోనే పాతాళంలో వేపథుడనే అసురుడు ఉండేవాడు. వేపథువంటే వణుకు. ప్రాణుల దేహాలలో పుట్టే వణుకే వాడికి ఆహారం, అదే వాడికి ఆయుధం. వాడు వెయ్యేళ్ళు నిరాహారుడై తపస్సు చేసి, హంసవాహనుడైన చతుర్ముఖుణ్ణి ప్రత్యక్షం చేసుకొని, కాళ్ళపై నిలిచినవారి వల్ల గాని, కూర్చున్నవారి వల్ల గాని, పడుకున్నవారి వల్ల గాని, వాహనమెక్కినవారి వల్ల గాని, నీటిలో ఈదేవారి వల్ల గాని, ఆకాశంలో ఎగిరేవారి వల్ల గాని తనకు ఓటమి కలగరాదని వేడుకున్నాడు. విధాత ఆ వరం అనుగ్రహించి, ఏ వరానికైనా ఒక ద్వారం విడిచిపెట్టక తప్పదు గనుక, ఇలా అన్నాడు: "అసురా, రెండు అరచేతులు మాత్రమే నేలకు ఆన్చి, పాదాలు ఆకాశానికెత్తి, చెట్టు గాని గోడ గాని మనిషి గాని ఆధారం లేకుండా, చేతులు మోపిన చోటి నుంచి కదల్చకుండా, నీ ఎదుట ఇరవై ఒక్క శ్వాసలు నిలిచినవారు నీ బలాన్ని హరిస్తారు. జాగ్రత్తగా ఉండు." అటువంటి పని ఎవడు చేస్తాడని వేపథుడు నవ్వుకొని, పాతాళానికి మరలిపోయాడు.

అటుతరువాత వాడు హరితాంగ దేశపు నడిమధ్యన గృధ్రశిల అనే కొండ పాదంలో ఒక బిలాన్ని తొలుచుకొని, ప్రతి ఋతువు కడపటి రోజున, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, పైకి రావడం మొదలుపెట్టాడు. వాడు వచ్చిన ప్రతిసారీ ఒక మండలంలోని నేల అంతా సన్నగా కంపించేది. ఆ కంపం నేల మీద ఉన్నవారి అరికాళ్ళ గుండా ఎక్కి, ఎముకలలో ఇమిడి, ఇక దిగేది కాదు. కూర్చున్నా పడుకున్నా అదే గతి. పొలానికి వెళ్ళిన కాపు మేడి పట్టలేకపోయాడు. బాలెంత తన బిడ్డను రొమ్ము దగ్గర నిలుపుకోలేకపోయింది. యజ్ఞశాలలో ఋత్విజుల చేతి స్రువం నుంచి నెయ్యి హోమకుండంలో పడక పక్కన నేల మీద పడింది. ఆ మండలాలలో మనుషులకు చావు రాలేదు. బ్రతుకు మాత్రం చేతుల్లో నిలవడం మానేసింది.

అయిదవసారి వాడు వచ్చే దినాన జయకేతనుడు చతురంగ బలంతో గృధ్రశిలకు వెళ్ళాడు. సాయంకాలానికి ముందే ఆయన్ను పల్లకిలో తీసుకువచ్చారు. ఎంతటి వింటినైనా వంచి అల్లెతాడు ఎక్కించగల ఆ చేతులు నీటి వడిలో కొట్టుకుపోయే గడ్డిపోచల్లా అదురుతున్నాయి. సుగాత్రీదేవి గిన్నెతో పాయసం తెచ్చి తన చేతితో తినిపిస్తే, ఆయన పళ్ళు గిన్నె అంచుకు టకటక తగిలాయి. ఆ చప్పుడు ఆమె చెవుల్లో చాలాకాలం ఉండిపోయింది.

ఆరవసారి, మంత్రి మతిసారుడు బ్రహ్మ విడిచిన ద్వారాన్ని పండితుల ద్వారా తెలుసుకొని, చేతుల మీద నడవడంలో దేశమంతటా పేరుపొందిన చతురకుడనే ఆటగాణ్ణి పంపాడు. చతురకుడు నవ్వుతూ వెళ్ళాడు. అతడు చేతులపై నిలిచాడు కూడా. కాని నేల కదలగానే, ఏళ్ళ తరబడి అలవాటైన ప్రకారం, తూకం నిలుపుకోవడానికి కుడిచేతిని ఒక అడుగు ముందుకు వేశాడు. నియమం భగ్నమైంది. వెంట వెళ్ళినవారు, వణుకు ఆగని అతణ్ణి చాపలో చుట్టి మోసుకువచ్చారు.

పద్దెనిమిది మండలాలలో ఆరు పోయాయి. వాడు పట్టుకుంటూ వస్తున్న వరుసలో కడపటిది సుస్థల నగరం. పన్నెండు ఋతువులు, అంటే రెండేళ్ళు మిగిలాయి. అప్పుడు మతిసారుడు రాణి ఎదుట నిలిచి, దేశపు సరిహద్దుకు ఆవల శ్వేతాద్రి మీద ఊర్ధ్వపాదుడనే మహర్షి ఉన్నాడని, ఆయన నూరేళ్ళు చేతులపై నిలిచి తపస్సు చేసినవాడని, ఆయన్ను ప్రార్థించి తీసుకురావడం తప్ప వేరే గతి లేదని విన్నవించాడు. రాజు కదలలేడు గనుక, రాణియే స్వయంగా బయలుదేరింది.

శ్వేతాద్రి సానువు మీద, నున్నని నల్లరాతి గోడ ఒకటి నిలువునా లేచి ఉన్నచోట, మహర్షి ఆశ్రమం ఉంది. ఆయన దర్భాసనం మీద కూర్చొని ఉన్నాడు. తెల్లని జటలు, ఎండిన వేరులాంటి దేహం, ప్రశాంతమైన ముఖం. కాని ఆయన ఎడమకాలు ఒక్కటే, మోకాటి నుంచి మడమ దాకా, ఎడతెరిపి లేకుండా వణుకుతున్నది. సుగాత్రి నమస్కరించబోయి ఆ కాలిని చూసి ఆగిపోయింది.

ఆమె అడగకముందే మహర్షి చెప్పాడు. వేపథుడు మొదటిసారి పైకి వచ్చిననాడు తానే వెళ్ళి వాడి ఎదుట నిలిచానని, పన్నెండవ శ్వాస దాకా చలించలేదని, పదమూడవ శ్వాసలో ఇక నాకెవడు సాటి అన్న తలపు ఒక్క లిప్తకాలం మెరిసిందని, ఆ లిప్తలోనే దేహం ఒరిగి ఎడమ మడమ నేలను తాకిందని, ఎంతో తపోబలం వెచ్చించి ఆ కంపాన్ని ఒక్క కాలిలో కట్టిపెట్టగలిగానని వివరించాడు. ఇక తాను నిలవలేనని, తనకు తెలిసిన విద్యను నేర్పగలనని అన్నాడు.

ఎవరికి నేర్పుతారని సుగాత్రి అడిగింది. మహర్షి ఆమె అరచేతుల వంక చూశాడు.

ఆమె వాటిని కొంగు కింద దాచుకున్నది. "స్వామీ, నేను మేడ మీద పిట్టగోడ దగ్గరికే పోలేనిదాన్ని. నాకు చేతకాదు. నాకు భయం."

"తల్లీ," అన్నాడు మహర్షి, "భయం లేనివాళ్ళం ముగ్గురం వెళ్ళాం. నేను, నీ భర్త, ఆ ఆటగాడు. ముగ్గురమూ పడ్డాం. పడిపోవడమంటే ఏమిటో ముందే ఎరిగినవారు వెళ్ళి చూడాలి ఈసారి."

ఆమె ఆ పూట ఏమీ తినలేదు. మరునాడు ఉదయం చీరను కాసె పోసి బిగించి కట్టుకొని, వెంట్రుకలు ముడి వేసుకొని, వధ్యశిల దగ్గరికి నడిచే మనిషిలా ఆ రాతిగోడ దగ్గరికి వచ్చింది.

మహర్షి ఆమెను వెంటనే తలకిందులు చేయలేదు. మొదటి పక్షమంతా అరచేతులు నేలకు ఆన్చి, వేళ్ళను రావిచెట్టు వేర్లలా విప్పి, దేహభారాన్ని కొంచెం కొంచెంగా మణికట్టుల మీదికి తీసుకోవడమే అభ్యాసం. ఉదయం కొంతసేపు, సాయం సంధ్యకు ముందు కొంతసేపు, అంతకుమించి వద్దనేవాడు. ఎముకలకు కోపం తెప్పించరాదని, వాటిని బతిమాలి ఒప్పించాలని చెప్పేవాడు. రెండవ పక్షం నుంచి పడటం నేర్పాడు. పచ్చిక మీద చేతులు మోపి, నడుము తిప్పి, పక్కకు ఒరిగి, ఒక కాలి తరువాత ఒక కాలిని మెత్తగా నేలకు దించడం. ఈ పడటాన్ని ఆమె చేత వందలసార్లు చేయించాడు. ఎలా పడాలో దేహానికి తెలియనంతకాలం అది పైకి పోవడానికి ఒప్పుకోదని ఆయన మతం.

వసంతాంతానికి మొదటి వార్త వచ్చింది. ఏడవ మండలం పోయింది.

ఆ తరువాత రాతిగోడకు పొట్ట చేరేలా నిలబెట్టాడు. చేతులు గోడకు జానెడు దూరంలో మోపి, పాదాలతో రాతిని ఎక్కి, దేహాన్ని నిలువుగా చాచాలి. భుజాలను చెవులకు తగిలేలా నెట్టాలి. పక్కటెముకలు బయటికి పొంగరాదు. రెండు కాళ్ళూ ఒకే కొయ్యలో చెక్కినట్టు కలిసి ఉండాలి. చూపు రెండు బొటనవేళ్ళ నడుమ నేల మీద నిలవాలి. మొదటిరోజు ఆమె పాదాలు నడుము ఎత్తుకు చేరాయో లేదో, ప్రపంచమంతా తన వీపు మీదికి కూలబోతున్నదని తోచి కిందికి దిగిపోయింది. మరునాడూ అంతే. నెల గడిచేసరికి ఒక శ్వాస, ఆపైన మూడు శ్వాసలు, రాతికి అతుక్కొని నిలవగలిగింది. రాయి తనను పట్టుకున్నదనే ధైర్యం కాస్త కుదిరింది.

అప్పుడు ఒకనాటి ఉదయం ఆమె ఎక్కేటప్పుడు పాదం బలంగా తగిలి, రాతి మీది నుంచి జారి, దేహం వెనక్కి తిరగబడి, నేర్చుకున్న పడటమేదీ గుర్తుకు రాక, వీపు మోదుకొని నేల మీద పడింది. చాలాసేపు ఊపిరి లోనికి రాలేదు. ఆకాశం మాత్రం కనిపించింది. దెబ్బ పెద్దది కాదు. కాని ఆనాటి నుంచి పదిరోజులు ఆమె గోడ వైపు పోలేదు. దర్భలు కోసింది, సమిధలు ఏరింది, నివ్వరి ధాన్యం దంచింది, అక్కరలేకపోయినా పర్ణశాల అంతా మళ్ళీ మళ్ళీ అలికింది. మహర్షి ప్రతి ఉదయం వచ్చి గోడ ఎదుట కూర్చొని, తన వణికే కాలిని రెండు చేతులా అదిమిపట్టుకొని, ఎండ ఎక్కేదాకా ఉండి లేచిపోయేవాడు.

పదకొండవనాడు మతిసారుడి దూత వచ్చాడు. ఈసారి పోయిన మండలం ఆమె పుట్టినిల్లు. ఆమె తల్లి తన మెడలోని సూత్రాన్ని తానే సరిచేసుకోలేక, చేతుల మధ్య అది తెగిపోయి పూసలు రాలిపోగా, నేల మీద కూర్చొని వాటిని ఏరుకోవడానికి పొద్దంతా ప్రయత్నిస్తున్నదని దూత తల వంచుకొని చెప్పాడు. సుగాత్రి వాడికి భోజనం పెట్టి పంపింది. తరువాత చీర కాసె పోసుకొని గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు ధైర్యం వచ్చిందని చెప్పలేం. భయం అలాగే ఉంది. దానితోనే ఎక్కింది.

రెండవ సంవత్సరంలో మహర్షి ఆమెను రాతి నుంచి విడదీయడం మొదలుపెట్టాడు. ముందు ఒక పాదాన్ని బెత్తెడు దూరం జరిపి, రెండవ పాదం బొటనవేలు మాత్రం రాతికి ఆన్చి ఉంచాలి. ఆపైన ఆ వేలినీ ఎత్తాలి. ఆ వేలు రాతిని విడిచే క్షణంలో కడుపు అడుగున నూయి తెరుచుకున్నట్టయ్యేది. ఎన్ని వందలసార్లు ఎత్తినా ఆ నూయి అక్కడే ఉండేది. "నీ వేళ్ళే ఇప్పుడు నీ పాదాలు," అనేవాడు మహర్షి. దేహం వీపు వైపు ఒరిగితే వేళ్ళ కొనలతో నేలను నొక్కాలి, పొట్ట వైపు ఒరిగితే అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి దిబ్బతో, నొక్కాలి. ఇంతే విద్య. ఇంతకు మించి రహస్యం లేదు.

ఒకనాడు నాలుగు శ్వాసలు నిలిచింది. ఆనందంతో ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. ఆ తరువాత ఇరవై దినాలు ఒక్క శ్వాస కూడా నిలవలేకపోయింది. నిన్న వచ్చినది ఇవాళ ఎక్కడికి పోయిందని ఆమె విలపిస్తే, దేహం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని, దానికి మళ్ళీ మొదటి నుంచి పరిచయం చెప్పుకోవాలని మహర్షి ఓదార్చాడు. ఇంకొకనాడు ఆమె చాలాకాలంగా మనసులో దాచుకున్నది అడిగింది.

"స్వామీ, నిలిచినప్పుడు కూడా నా చేతులు వణుకుతున్నాయి. ఎంత బిగపట్టినా ఆగడం లేదు. వాడి ఎదుట కూడా ఇలాగే వణికితే ఏమవుతుంది?"

"నాకు తెలియదమ్మా," అన్నాడు మహర్షి. "నేను వణకలేదు. అయినా పడ్డాను."

ఆ జవాబు ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

ఋతువులు గడిచాయి. పోయిన మండలాలు పదమూడు, పద్నాలుగు, పదిహేను అయ్యాయి. దూతలు రావడం కూడా తగ్గింది. పంపడానికి నిలకడగా నడిచే మనుషులు కరవైపోయారు. శిశిరం వచ్చేసరికి పదిహేడు మండలాలు పోయి, సుస్థల నగరం ఒక్కటే మిగిలింది. సుగాత్రి అభ్యాసంలో అత్యధికంగా నిలిచినది పందొమ్మిది శ్వాసలు. అది కూడా ఒక్కసారే. పైగా మహర్షి ఇంకొక కష్టం చెప్పాడు. వేపథుడు పైకి వచ్చేటప్పటికి ఆమె పాదాలు నేల మీద ఉండరాదు. బిలం నుంచి బయటికి వీచే గాలి ఉన్నట్టుండి లోపలికి తిరుగుతుంది. ఆ తిరిగిన క్షణమే ఆమె ఎక్కాలి. వాడు రావడానికి మరి మూడు శ్వాసలు పడుతుంది. ఆ మూడూ లెక్కకు రావు.

ఇరవై నాలుగు, అనుకున్నది సుగాత్రి. గురువుకు ప్రదక్షిణం చేసి, నమస్కరించి, కొండ దిగింది.

గృధ్రశిలకు దారి పోయిన మండలాల గుండానే. ఆమె ఒంటరిగా నడిచింది. ఇళ్ళ ముందు జనం కూర్చొని ఉన్నారు. ఒక సాలెవాడు తన మణికట్టును మగ్గపు కొయ్యకు తాడుతో కట్టుకొని, కదలని ఆ ఒక్క చేతితో తెగిన పోగును పట్టుకోవాలని చూస్తున్నాడు. తాగబోయి ఒలికిన గంజి ఒక ముసలామె బుగ్గల నిండా ఉంది. పట్టమహిషిని గుర్తుపట్టి వారంతా నమస్కరించబోయారు. వారి అరచేతులు ఒకదాని కొకటి దొరకక, పక్కలకు జారి, మళ్ళీ వెతుక్కున్నాయి. అన్ని వందల మందిలో ఒక్క జత చేతులు కూడా కలవలేదు. ఆమె తల వంచుకొని వేగంగా నడిచింది. పారిపోవాలన్న కోరిక ఆమె పిక్కలలో మొదలై మెడ దాకా పాకింది. సరిహద్దు దూరం కాదు. ఎవరూ ఆమెను ఆపేవారు కాదు. అది కూడా ఆమెకు తెలుసు.

శిశిరాంత దినాన, ఎండ నిలువుగా కాస్తున్న వేళకు, ఆమె బిలం ఎదుట నిలిచింది. చుట్టూ పిట్ట అన్నది లేదు. బిలం నుంచి తడి మన్ను వాసనతో చల్లని గాలి ఆమె ముఖానికి కొడుతున్నది. ఆమె నేల మీది గులకరాళ్ళు ఏరివేసి, అరచేతులకు మన్ను రుద్దుకొని, వంగి, చేతులు మోపి ఎదురుచూసింది. గుండె చప్పుడు అరచేతులలో వినిపించింది. బిలం అంచున ఎండుగడ్డి ఇటు వాలి ఉన్నది, ఉన్నట్టుండి నిలబడింది. మరుక్షణం అటు వాలింది.

సుగాత్రి ఎక్కింది.

ఒకటి. రెండు. మూడు. పాదాలు కలిశాయి. భుజాలు చెవులను తాకాయి. బొటనవేళ్ళ నడుమ ఒక చీమ వడివడిగా పరుగెత్తి పోయింది. అప్పుడు ఆమె చూపు మేరలో, తన వేళ్ళకు జానెడు దూరంలో, రెండు పాదాలు వచ్చి నిలిచాయి. బూడిదరంగువి, మట్టికుండ పెంకుల వంటి గోళ్ళవి. అంతకు మించి ఆమెకు వాడు కనిపించలేదు. తల ఎత్తితే పడిపోతుంది.

ఒకటి, అని ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

వాడు తొందరపడలేదు. నాలుగవ శ్వాస దాకా ఊరికే ఉన్నాడు. అయిదవ శ్వాసలో నేల అదిరింది. ఆ అదురు ఆమె అరచేతులకు వచ్చి తాకింది. కాని అరచేతులు దేవతల నివాసం గనుక, అరికాళ్ళలోకి ఎక్కినట్టు అది లోపలికి ఎక్కలేకపోయింది. దేహం వీపు వైపు ఒరిగింది. ఆమె వేళ్ళు నేలను నొక్కాయి. నిలిచింది. ఎనిమిదవ శ్వాసలో నేల మరింత అదిరి, దేహం పొట్ట వైపు ఒరిగింది. అరచేతి మడమలు నొక్కాయి. నిలిచింది. పదవ శ్వాసలో ఆమె వెనుక నుంచి జయకేతనుడి గొంతు, స్పష్టంగా, ఆరోగ్యంగా, "సుగాత్రీ, దిగు. నేను పట్టుకుంటాను," అన్నది. ఆ గొంతును ఆమె రెండేళ్ళుగా వినలేదు. ఆమె కంటి నుంచి కన్నీరు నొసటి మీదుగా వెంట్రుకలలోకి జారింది. ఆమె దిగలేదు.

పద్నాలుగవ శ్వాసకు భుజాలు మండాయి. పదహారుకు మోచేతుల నుంచి వేళ్ళ దాకా చేతులు అదరడం మొదలైంది. ఆశ్రమంలో ఎన్నడూ ఆపలేకపోయిన అదురే అది. అప్పుడు ఆ పాదాలు ఇంకా దగ్గరికి జరిగాయి. గోళ్ళు దాదాపు ఆమె వేళ్ళను తాకాయి. పైనుంచి, చాలా మెల్లగా, ఎంతో దయగా అన్నట్టు, వేపథుడు మాట్లాడాడు.

"వణుకుతున్నావు. వణికేదంతా నాది. నువ్వు ఎప్పుడో నా దానివైపోయావు. ఇక దిగడానికి నీకు అభ్యంతరమేముంది?"

సుగాత్రికి నిజమే కదా అనిపించింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. తన చూపు ముందున్న ఆ చేతులనే ఆమె చూసింది. చూడగా, ఆ వణుకులో ఒక క్రమం కనిపించింది. దేహం ఇటు ఒరిగేలోపు చూపుడువేలు నొక్కుతున్నది. అటు ఒరిగేలోపు మణికట్టు సర్దుకుంటున్నది. ఒక దిద్దుబాటు ముగియకముందే ఇంకొకటి. రెండేళ్ళలో ఆమె వేలసార్లు నేర్పినదంతా ఆ చేతులు ఇప్పుడు ఆమెను అడగకుండానే చేస్తున్నాయి. ఇది వాడు పెట్టిన వణుకు కాదు. ఇది తన పని. ఇది ఆగిననాడు తాను పడుతుంది.

మాట్లాడటానికి ఊపిరి లేదు. అయినా ఆమె ఆ శ్వాసను విడుస్తూ, "ఇది నాదే," అన్నది.

పందొమ్మిదవ శ్వాస ముగిసింది. అక్కడి నుంచి ఆమె ఎన్నడూ వెళ్ళని చోటు. కళ్ళ ముందు నల్లని చుక్కలు లేచాయి. ఇరవై. నేల పిడుగు పడినట్టు అదిరింది. ఆమె చేతులు దిద్దుకున్నాయి. ఆ చుక్కల నడుమ నుంచి ఆమె ఒక విచిత్రం చూసింది. తన వేళ్ళకు ఎదురుగా ఉన్న ఆ బూడిదరంగు కాలివేళ్ళు వణుకుతున్నాయి. చిటికెనవేలు మొదలుపెట్టి, ఒకటొకటిగా, అన్నీ.

ఇరవై ఒకటి.

ఆమె పక్కకు ఒరిగి, ఒక కాలి తరువాత ఒక కాలిని మెత్తగా నేలకు దించి, మోకాళ్ళ మీద కూలబడింది. నేల కదలడం లేదు. ఎదుట వేపథుడు, ఎండాకులా ముడుచుకొని, తన బలమంతా పోగా, తలను మోకాళ్ళలో దూర్చుకొని కూర్చొని ఉన్నాడు.

అప్పుడు భూమి విచ్చి, సస్యశ్యామలమైన దేహకాంతితో, నాగలి చాళ్ళ వంటి అంచున్న వస్త్రం ధరించి, సర్వంసహ, రత్నగర్భ, విశ్వంభర అయిన భూదేవి ప్రత్యక్షమై, సుగాత్రీదేవి చేతులను తన చేతుల్లోకి తీసుకొని ఇలా పలికింది.

"బిడ్డా, నా మీద కాళ్ళు మోపి నిలిచినవాళ్ళు కోట్లమంది. భయంతో కూడా నన్ను విడవకుండా అరచేతులతో పట్టుకొని నిలిచినదానివి నీవు. వరం కోరుకో. నీ గుండెలోని భయాన్ని సమూలంగా తీసివేయమన్నా తీసివేస్తాను."

సుగాత్రి తన చేతులను చూసుకొని, "తల్లీ, భయం ఉండనివ్వు. దానితో పని చేయడం అలవాటైంది," అన్నది. పదిహేడు మండలాల జనుల ఎముకల నుంచి కంపం దిగిపోవాలని, గురుదేవుల ఎడమకాలు నిమ్మళించాలని, రాజు తన చేతితో తాను అన్నం తినాలని, ఈ మూడే కోరింది.

భూదేవి తథాస్తు అన్నది. కాని అంత కంపం ఒక్కసారిగా బయటికి వస్తే దానికి చోటు కావాలి. వేపథుడు తల ఎత్తకుండానే, వణుకు లేకపోతే తాను ఏమి తిని బ్రతకాలని సన్నని గొంతుతో ఏడ్చాడు. భూదేవి వాడి వంక కరుణతో చూసి, నాటి నుంచి ఆ వణుకు ఎవరికీ కీడు చేయని చోట్ల నివసించాలని శాసించింది. గాలి లేనప్పుడు కూడా కదిలే రావి ఆకులలోను, దీపం కొసలోను, అప్పుడే పుట్టి లేచి నిలవబోయే దూడ కాళ్ళలోను, కొత్త విద్యను పట్టుకోబోయే ప్రతి మనిషి చేతులలోను దానికి స్థానమిచ్చింది. వేపథుడు ఆమె పాదాలకు మొక్కి, చిన్నబోయిన గాలిలా లేచి, మొట్టమొదట కనిపించిన రావిచెట్టులోకి వెళ్ళిపోయాడు. బిలం పూడిపోయి, దాని మీద గరిక మొలిచింది.

సుగాత్రీదేవి వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది. ఇళ్ళ ముందు జనం లేచి నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. తమ చేతులను తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. బాలెంతలు బిడ్డలను ఎత్తుకున్నారు. సాలెవాడు మణికట్టు మీది తాడును తానే విప్పుకున్నాడు. శ్వేతాద్రి మీద ఊర్ధ్వపాద మహర్షి ఆ మధ్యాహ్నం తన ఎడమకాలు ఆగిపోవడం గమనించి, దానిని నిమిరి, చాలాకాలం తరువాత సుఖంగా నిద్రపోయాడని శిష్యులు చెప్పుకొన్నారు. నగరంలో జయకేతన మహారాజు తన ఎదుట పెట్టిన గిన్నెను రెండు చేతులా ఎత్తి, చుక్క ఒలకకుండా నీళ్ళు తాగి, గిన్నెను కింద పెట్టి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ కింద పెట్టాడు. రాణి లోనికి వచ్చేవేళకు ఆయన ఆ పనిలోనే ఉన్నాడు. ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చున్నది. మన్ను అంటిన ఆమె అరచేతిని ఆయన తన చేతిలోకి తీసుకొని, కదలకుండా పట్టుకున్నాడు.

ఆపైన హరితాంగ దేశంలో వానలు కాలానికి కురిశాయి, హోమాలు యథావిధిగా జరిగాయి, జయకేతనుడు సుగాత్రీసమేతుడై చిరకాలం ధర్మం తప్పక రాజ్యమేలాడు. వణికే చేతులతో మొదటి దీపం వెలిగించేవారు గాని, మొదటి అక్షరం దిద్దేవారు గాని, మొదటి అడుగు వేసేవారిని పట్టుకొని నడిపించేవారు గాని, ఈ సుగాత్రీ వృత్తాంతాన్ని శ్రద్ధతో వింటే, వారి చేతి కింది నేల వారికి ద్రోహం చేయదని భూదేవి ఆనాడు పలికిన మాట. శుభం భూయాత్.